అంత హింస జరిగాక కూడా ఆ చర్చిని ఎందుకు ఉంచుకున్నారు? (అకోమా, న్యూమెక్సికో)

డాలస్_దారి
లాంగ్ వీకెండ్‌కి న్యూమెక్సికో వెళ్ళాం. అకోమా ప్యూబ్లోలో టూర్ తీసుకున్నాం (ప్యూబ్లో అంటే ఇక్కడి ఆదివాసుల ఊరు, ఆ జనాన్నీ అలాగే పిలుస్తారు). ఎడారి మధ్యలో 350 అడుగులకు పైగా లేచిన రాతి గుట్ట, దాని నెత్తిన ఊరు, ఆ ఊళ్ళో శాన్ ఎస్తెబాన్ చర్చి. 1629లో మొదలుపెడితే పూర్తవడానికి పదేళ్ళ పైనే పట్టిందట. గైడ్ ఆ ఊరావిడే. చర్చికి వాడిన దూలాలు ఒక్కొక్కటి దాదాపు 40 అడుగులు, 30 మైళ్ళ అవతల కొండ మీద నుంచి మనుషులే మోసుకొచ్చారని చెప్పింది. గోడల మట్టి, ఆఖరికి ముందున్న శ్మశానంలో నింపిన మట్టి కూడా కింద నుంచి వీపుల మీద ఎక్కించిందే.

అదే ఊళ్ళో 1599లో స్పానిష్ సైన్యం వందల మందిని చంపిందని, బతికిన మగాళ్ళలో పాతికేళ్ళు దాటినవాళ్ళకు ఒక పాదం నరకమని శిక్ష వేసిందని కూడా ఆవిడే చెప్పింది. ఏ మార్పూ లేని గొంతుతో. వెంటనే "ఇక మా చర్చి లోపలికి రండి" అంది.

నాకు బుర్ర తిరిగింది. ఇంత చేసినవాళ్ళు కట్టించిన గుడిని వీళ్ళు ఇంకా ఎందుకు కాపాడుకుంటున్నారు? నేనైతే ఎప్పుడో కూల్చేసేవాణ్ణి.

చరిత్రపిచ్చి
కూల్చలేదని ఎవరన్నారు? 1680 గురించి గైడ్ చెప్పలేదా?

1675లో అప్పటి గవర్నర్ త్రెవిన్యో క్షుద్రపూజల నేరం మోపి 47 మంది ప్యూబ్లో పెద్దలను పట్టించాడు. కొందరిని ఉరి తీశారు, మిగతావాళ్ళను అందరి ముందూ కొరడాలతో కొట్టారు. ఆ దెబ్బలు తిన్నవాళ్ళలో ఒకడు పోపే. ఓకే ఒవింగే ఊరివాడు. తర్వాత టావోస్ చేరి అక్కడి నుంచే పథకం నడిపించాడు. ఊళ్ళు వందల మైళ్ళ మేర చెదిరి ఉన్నాయి, భాషలు ఒకరివి ఒకరికి తెలియవు. అందుకని ముడులు వేసిన తాళ్ళు ఇచ్చి కుర్రాళ్ళను ఊరూరికీ పరుగెత్తించారు. రోజుకో ముడి విప్పాలి, ఆఖరి ముడి విప్పిన రోజు అందరూ ఒక్కసారి తిరగబడాలి. టెసూకే దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు దొరికిపోయారు. దాంతో ఆగకుండా ఆగస్టు 10నే మొదలుపెట్టేశారు.

400 మంది దాకా స్పానిష్ వాళ్ళు పోయారు, అందులో 21 మంది ఫ్రాన్సిస్కన్ ఫాదర్లు. శాంటాఫేని చుట్టుముట్టి నీళ్ళ కాలువ తెగ్గొట్టారు. గవర్నర్ ఓతెర్మీన్ మిగిలిన జనాన్ని వెంటేసుకుని ఎల్ పాసో దాకా వెనక్కి నడిచాడు. పన్నెండేళ్ళు మళ్ళీ కాలు పెట్టి నిలవలేకపోయారు. ఆ పన్నెండేళ్ళలో చాలా చర్చిలు బూడిదయ్యాయి. అకోమాలో కూడా ఫాదర్‌ను చంపారు. చర్చి జోలికి మాత్రం పోలేదు.

కాబట్టి మీ ప్రశ్నను కాస్త మార్చి అడగాలి: కూల్చే అవకాశం చేతికొచ్చిన రోజున కూడా ఎందుకు వదిలేశారు?

గుంటూరు_ఘాటు
ముడుల తాడుతో మీటింగ్ ఇన్వైట్ పంపారన్నమాట. అదీ ప్రీపోన్ అయింది. మా మేనేజర్ పూర్వీకులు ఎక్కడివాళ్ళో ఇప్పుడు అర్థమైంది.

మిద్దెటోడు
దూలాలు మోసింది వాళ్ళ తాతలు. కాలిస్తే ఎవరి కష్టం కాలినట్టు? ఫాదర్‌దా?

సూటిమాట
@మిద్దెటోడు అన్నా, డైలాగ్ బాగుంది కానీ పెకోస్ అనే ఇంకో ప్యూబ్లో వాళ్ళ తాతలు మాత్రం మోయలేదా? అక్కడ 1620ల్లో కట్టిన పెద్ద చర్చిని మొదలంటా పడగొట్టారు. కష్టం మీద మమకారమే కారణమైతే అన్ని ఊళ్ళలోనూ చర్చిలు నిలవాలి కదా. అకోమాలో ఊరంతా ఇరుకు గుట్ట మీద ఉంది, నిప్పు పెడితే ఇళ్ళకు అంటుకుంటుందని వదిలేసి ఉంటారు. ప్రతిదానికీ సెంటిమెంట్ పూయకండి.

చరిత్రపిచ్చి
ఊరికో లెక్క, అది ఒప్పుకుంటా. ప్యూబ్లోలంటే ఒకే జాతి కాదు. ఈరోజు న్యూమెక్సికోలోనే 19 ప్యూబ్లోలు, ఇవి కాక అరిజోనాలో హోపీలు, టెక్సస్‌లో ఇస్లెటా దెల్ సూర్. కేరెస్, తీవా, తేవా, తోవా, జూనీ, హోపీ ఇన్ని భాషలు. 1680లో ఇస్లెటా వాళ్ళు తిరుగుబాటులో కలవనే లేదు, కొందరు స్పానిష్ వాళ్ళతో పాటు దక్షిణానికి వెళ్ళారు. ఎల్ పాసోలో ఉన్న ఊరు వాళ్ళదే. ఇంకోవైపు హోపీల అవాటోవీ చూడండి. ఫాదర్లను మళ్ళీ రానిచ్చారని తోటి హోపీలే 1700లో ఆ ఊరిని నేలమట్టం చేశారు. "వాళ్ళు ఎందుకు ఉంచుకున్నారు" అంటే ముందు ఏ ఊరివాళ్ళో చెప్పాలి.

ఫొటో_పిచ్చోడు
టాపిక్ పక్కకు పోతుందేమో కానీ, అకోమాలో కెమెరా పర్మిట్‌కి డబ్బులు కట్టాక కూడా చర్చి లోపల తీయొద్దు, శ్మశానం తీయొద్దు, వీడియో అసలే వద్దు అన్నారు. ఇంకెందుకు పర్మిట్? టూరిస్టుల మీద బతుకుతూ టూరిస్టులంటేనే చిరాకు.

అల్బుకర్కీ_అత్తగారు
@ఫొటో_పిచ్చోడు నాయనా, మీ తాతగారి సమాధి దగ్గరికి ఎవరో బస్సు దిగొచ్చి సెల్ఫీ తీసుకుంటే ఊరుకుంటావా? పైన ఇప్పటికీ కొన్ని కుటుంబాలు ఉంటున్నాయి. కరెంటు లైను లేదు, కుళాయి లేదు. అయినా వదలకుండా ఉంటున్నారు. అది వాళ్ళ ఇల్లు.

మేం ఇక్కడ స్థిరపడి చాలా కాలమైంది. చర్చి సంగతి అర్థం కావాలంటే టూర్‌కి కాదు, ఊరి పండగ రోజున వెళ్ళాలి. ఆగస్టు 4న శాంటో డొమింగోకి వెళ్ళండి, ఇప్పుడు కేవా ప్యూబ్లో అంటున్నారు. పొద్దున చర్చిలో పూజ అవుతుంది. అవగానే సెయింట్ విగ్రహాన్ని ఊరేగింపుగా తెచ్చి ఊరి నడిమధ్య పచ్చని కొమ్మల పందిట్లో కూర్చోబెడతారు. ఇక అప్పటి నుంచి మొక్కజొన్న నాట్యం. ఆడవాళ్ళ తలల మీద రంగులేసిన చెక్క పలకలు, మగవాళ్ళ చేతుల్లో సొరబుర్ర గిలకలు, అందరి చేతులకూ పచ్చి కొమ్మలు. వందల మంది రెండు జట్లుగా, ఒక జట్టు దిగితే ఇంకో జట్టు, పొద్దు వాలేదాకా. ఎండ మాడిపోతుంటుంది, వరస మాత్రం తప్పదు. ఇదంతా వానల కోసం, పంట కోసం. సెయింట్ పందిట్లో కూర్చుని చూస్తుంటాడు. ఆయన వాళ్ళకు అతిథి, వాళ్ళు ఆయనకు కాదు. నేను చూసి అర్థం చేసుకున్నది ఇది.

ఆట చూస్తూ చప్పట్లు కొట్టకూడదు, అది ప్రదర్శన కాదు. ఫోన్ బయటికి తీస్తే పట్టుకుపోతారు, తర్వాత నన్ను అనొద్దు.

గుంటూరు_ఘాటు
అత్తగారూ, భోజనాల సంగతి చెప్పలేదు.

అల్బుకర్కీ_అత్తగారు
చెప్తా చెప్తా. తెలిసినవాళ్ళు పిలిస్తే ఇంట్లోకి వెళ్ళాలి. బల్ల మీద ఎర్ర మిరప కూర, పచ్చిమిరప కూర, ఓర్నోలో కాల్చిన రొట్టె, చిన్న చిన్న పండ్ల పైలు. ఓర్నో అంటే పెరట్లో తేనెపట్టు ఆకారంలో ఉండే మట్టి పొయ్యి. లోపల కట్టెలు మండించి, బూడిద ఊడ్చేసి, ఆ వేడికే రొట్టె కాలుస్తారు. తినగానే లేచిపోవాలి, వెనక ఇంకో పదిమంది నిలబడి ఉంటారు. మనవాళ్ళు అక్కడే కూర్చుని ఊరి రాజకీయాలు మొదలుపెడతారు, అది వద్దు.

డాలస్_దారి
అత్తగారూ, ఆ "అతిథి" మాట నాకు కొంచెం వెలుగు చూపించింది. కానీ అతిథి పిలవకుండా వచ్చాడు, తుపాకీతో వచ్చాడు. ఆ సంగతి మర్చిపోయారా అన్నదే నా బాధ.

చరిత్రపిచ్చి
మర్చిపోవడమా? 1599 దాడికి కారకుడు ఒన్యాతే. అతని కాంస్య విగ్రహం అల్కాల్దే అనే ఊళ్ళో పెట్టారు. 1998లో స్పానిష్ వాళ్ళు వచ్చి స్థిరపడి నాలుగు శతాబ్దాలైన వేడుకలు జరగబోతుండగా ఎవరో రాత్రికి రాత్రి ఆ విగ్రహం కుడి పాదం కోసుకుపోయారు. 2020లో విగ్రహాన్నే తీసేశారు. ఇంకోటి, 2005లో వాషింగ్టన్ క్యాపిటల్ భవనంలో న్యూమెక్సికో తరఫున పోపే విగ్రహం పెట్టారు. చెక్కింది హేమెస్ ప్యూబ్లో శిల్పి క్లిఫ్ ఫ్రాగువా. చేతిలో ముడుల తాడు ఉంటుంది. విగ్రహం వెనక్కి వెళ్ళి చూడండి, వీపు మీద కొరడా మచ్చలు కూడా చెక్కాడు.

గుంటూరు_ఘాటు
పాదానికి పాదం. 400 ఏళ్ళ ఈఎంఐ క్లియర్ చేశారు.

రికార్డు_రాజు
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. సెయింట్ జోసెఫ్ కోసం రెండు ప్యూబ్లోలు కోర్టుకెక్కిన కథ.

అకోమాలో సెయింట్ జోసెఫ్ పటం ఒకటుంది. అది ఉన్నచోట వానలు పడతాయని పేరు. పక్కనున్న లగూనాకు వరసగా కష్టాలొస్తే, కొన్నాళ్ళు ఇవ్వమని అడిగి పట్టుకెళ్ళారు. వానలు పడ్డాయి. ఇంకేం, తిరిగి ఇవ్వలేదు. గొడవ ముదిరి ముదిరి 1850ల్లో కోర్టుకు చేరింది. అప్పటికి స్పెయిన్ పోయి, మెక్సికో పోయి, అమెరికా వచ్చేసింది. కింది కోర్టు పటం అకోమాదే అంది, 1857లో టెరిటరీ సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. తెచ్చుకోవడానికి అకోమా వాళ్ళు బయల్దేరితే, సగం దారిలో చెట్టు కింద పటం కనిపించిందట. తీర్పు విని ఆనందం పట్టలేక సెయింట్ జోసెఫే ముందు బయల్దేరాడని వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

లాయర్ ఫీజుకన్నా నడక నయమని ఆయనకూ తెలిసినట్టుంది.

సూటిమాట
కథ బాగుంది. నాకు ఇందులో కనిపించేది ఏంటంటే, ఫాదర్లు చెప్పిన దేవుణ్ణి తీసుకుని వాళ్ళు వానదేవుణ్ణి చేసుకున్నారు. మతం మారింది వీళ్ళు కాదు, సెయింట్.

ఆదివారం_గంట
మీరంతా వాళ్ళు భయంతో ఉంచుకున్నారనో, తెలివిగా వాడుకున్నారనో అంటున్నారు. నిజంగా నమ్మి ఉంటారని ఒక్కరూ అనరేం? పెకోస్ సంగతే తీసుకోండి. జబ్బులు, దాడులతో ఊరు కరిగిపోయి, 1838లో ఆఖరి 17 మంది హేమెస్ ప్యూబ్లోకి వెళ్ళిపోయారు. వెళుతూ తమ మేరీమాత పండగను కూడా తీసుకెళ్ళారు. ఇప్పటికీ ఆగస్టు 2న హేమెస్‌లో ఆ పండగ చేస్తారు, పెకోస్ ఎద్దు ఆట కూడా ఆ రోజే ఆడతారు. ఊరు పోయింది, చర్చి మొండిగోడలైంది, ఫాదర్ వచ్చి బలవంతపెట్టడం లేదు. అయినా చేస్తున్నారంటే దాన్ని భక్తి అనరా?

సూటిమాట
@ఆదివారం_గంట ఎద్దు ఆట కూడా తీసుకెళ్ళారు కదా సార్, అది బైబిల్లో ఎక్కడుంది?

ఆదివారం_గంట
లేదు. అందుకే రెండూ చెప్పాను. మీరు ఒకదాన్నే చదువుకున్నారు.

తిరుపతి_తులసి
ఇది చదువుతుంటే మన దగ్గర మతమార్పిళ్ళ గురించి కూడా మాట్లాడాలనిపిస్తోంది. ఇక్కడ మాత్రం…

మోడరేటర్_2
అనిపించనివ్వకండి. దానికి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ ఇప్పటికే మంటలు ఆర్పుతున్నాను. ఇక్కడ న్యూమెక్సికో ఒక్కటే.

చరిత్రపిచ్చి
పెకోస్ అన్నారు కాబట్టి. అక్కడ 1915 నుంచి 1929 దాకా కిడర్ అనే పురాతత్వవేత్త తవ్వి, దాదాపు 2,000 మంది అస్థికలు హార్వర్డ్‌కి తరలించాడు. 1999లో అవన్నీ వెనక్కి వచ్చాయి. హేమెస్ వాళ్ళు రోజుల తరబడి నడిచి పెకోస్ చేరి మళ్ళీ పూడ్చిపెట్టారు. అంత పెద్ద ఎత్తున అస్థికలు తిరిగిచ్చిన సందర్భం అప్పటికి ఇంకోటి లేదు.

అక్కడే చూడాల్సింది ఇంకోటుంది. ఫాదర్లు ఉండే భవనం మధ్యలో ఒక కివా. కివా అంటే చాలాచోట్ల నేలలోకి దిగే గుండ్రటి పూజగది, పైకప్పులో ఉన్న కంతలోంచి నిచ్చెన మీద దిగాలి. 1680లో చర్చి పడగొట్టాక దాని ఇటుకలతోనే ఫాదర్ల ఇంట్లో కివా కట్టారని చాలాకాలంగా చెబుతారు. "మీ ఇటుకలు, మా గుడి" అన్నట్టు.

సూటిమాట
ఆ లెక్క అబో, క్వారాయ్ దగ్గర కుదరదు. సాలినాస్ మిషన్లు, మౌంటెనైర్ పక్కన. అక్కడా ఫాదర్ల భవనంలోనే కివాలున్నాయి, కానీ ఆ ఊళ్ళు 1670ల్లోనే ఖాళీ అయిపోయాయి. తిరుగుబాటు నాటికి అక్కడ మనిషే లేడు. అంటే ఫాదర్ కళ్ళముందే, అతని ఇంట్లోనే కివా ఉంది. బలవంతంగా అన్నీ పీకేశారన్న కథకు ఇది అడ్డం తగులుతుంది. మొదట్లో కొందరు ఫాదర్లు చూసీచూడనట్టు పోయారని, పాతదానిలోంచే కొత్తది నేర్పుదామనుకున్నారని ఒక వాదన ఉంది.

చరిత్రపిచ్చి
ఆ వాదన చదివాను. కొట్టిపారేయను. కానీ 1660ల్లో అదే ఫాదర్లు కివాల్లోకి చొరబడి ముసుగులు, బొమ్మలు వందలకొద్దీ తగలబెట్టించారు. చూసీచూడనట్టు పోయినవాడి తర్వాత వచ్చినవాడు కళ్ళు తెరుచుకుని వచ్చాడు.

మిద్దెటోడు
ఆ ఊళ్ళు ఎందుకు ఖాళీ అయ్యాయి?

సూటిమాట
కరువు. గ్రాన్ కివీరాలో (అప్పటి లాస్ ఉమానాస్) 1668 ఒక్క ఏడాదిలోనే 450 మందికి పైగా ఆకలితో చచ్చిపోయారని ఒక ఫాదరే ఉత్తరం రాశాడు. పైన అపాచీల దాడులు. దానికి తోడు ఎన్‌కొమియెండా (స్పానిష్ వాళ్ళకు ఇచ్చిన కప్పం వసూలు హక్కు) కింద ప్రతి ఇల్లూ ఏటా బట్ట, మొక్కజొన్న కప్పం కట్టాలి. మామూలు రోజుల్లో రెండు మూడేళ్ళ గింజలు దాచుకునే జనం వాళ్ళు. కప్పానికి, చర్చి గాదెకు పోతే కరువొచ్చేసరికి దాచింది లేదు. అక్కడి రెండో చర్చి సగంలోనే ఆగిపోయింది. బూడిద రంగు సున్నపురాయి గోడలు నిలబడి ఉంటాయి, దానికి పైకప్పు ఎప్పుడైనా పడిందా అన్నదే అనుమానం.

నిజానికి 1680 తిరుగుబాటుకు అసలు కారణం మతమా, తిండా అంటే నా ఓటు తిండికే.

చరిత్రపిచ్చి
కొరడా దెబ్బలు తిన్నది గింజల కోసం కాదు. కానీ తిరుగుబాటు ఫలితం మాత్రం మీ వైపే ఉంది. 1692లో కొత్త స్పానిష్ గవర్నర్ దె వార్గాస్ వచ్చాక, 1696లో ఇంకోసారి తిరగబడ్డాక, ఎన్‌కొమియెండా మళ్ళీ నిలదొక్కుకోలేదు. కివాల మీద దాడులూ తగ్గాయి. చర్చి ఉంటుంది, కివా ఉంటుంది, ఒకదాని సంగతి ఇంకోదానికి చెప్పక్కర్లేదు. @డాలస్_దారి మీరు విన్న "మా చర్చి" ఆ బేరం తర్వాతి చర్చి. బేరం తప్పితే ఏమవుతుందో కూడా ఒక ఉదాహరణ ఉంది. 1965లో ఇస్లెటా గవర్నర్, తమ పాత ఆచారాలకు అడ్డుపడుతున్నాడని చర్చి ఫాదర్‌కు బేడీలు వేసి ఊరి బయటికి పంపాడు. చర్చి అక్కడే ఉంది.

సైట్_ఇంజినీర్
చరిత్ర మీరు చూసుకోండి, నేను గోడల గురించి చెప్తా. రాంచోస్ దె టావోస్ చర్చి. ప్యూబ్లో వాళ్ళది కాదు, పక్కనున్న స్పానిష్ ఊరిది, కానీ అదే పచ్చి ఇటుక పని. ప్రతి ఏటా మట్టి పూయడం విసుగనిపించి 1967లో సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించారు. సిమెంట్ పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి వెళ్ళాయి, బయటికి రాలేకపోయాయి. పచ్చి ఇటుక లోపల నాని మెత్తబడిపోయింది. బయటికి చూస్తే గోడ నున్నగా ఉంటుంది, లోపల బురద. 1979లో సిమెంటంతా ఊడబెరికి మళ్ళీ మట్టికే వచ్చారు. ఇప్పుడు ఏటా వేసవి మొదట్లో ఊరంతా చేరి గడ్డి కలిపిన మట్టి చేతులతో పూస్తారు.

అరిజోనాలో టూసాన్ దగ్గర శాన్ హవియేర్ దెల్ బాక్ కూడా అంతే, అది ఓఓదమ్ జనం ఊళ్ళో ఉంది. సిమెంట్ తీసేసి సున్నం, ఇసుకలో నాగజెముడు రసం కలిపి పూశారు. మన పాత కట్టడాల్లో గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపినట్టే.

మిద్దెటోడు
@సైట్_ఇంజినీర్ సార్ ఇది నిజం. అనంతపురం వైపు మా మట్టి మిద్దెకు మా నాన్న మేస్త్రీ మాట విని సిమెంట్ కొట్టించాడు. మూడో వానాకాలానికి గోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది. మా నానమ్మ "చెప్తే విన్నారా" అంటూ పోయేదాకా సాధించింది.

ఫొటో_పిచ్చోడు
లగూనా చర్చి హైవే 40 మీద నుంచే కనిపిస్తుంది, తెల్లగా. అక్కడ ఆగాను. లోపల ఆల్టర్ పైకప్పులో సూర్యుడు, చంద్రుడు, ఇంద్రధనుస్సు రంగుల్లో ఉన్నాయి. కింద సెయింట్ జోసెఫ్, పైన అవి. ఫొటో తీయలేదు అత్తగారూ, చూసి వచ్చేశాను. ఇప్పుడు హ్యాపీయా?

అల్బుకర్కీ_అత్తగారు
బంగారు కొండ.

గుంటూరు_ఘాటు
అన్నట్టు, ఆ ఎర్ర మిరప కూర గురించి ఒక డౌట్. మిరపకాయ అక్కడిదే కదా, మనకే పోర్చుగీసు వాళ్ళు తెచ్చారు?

చరిత్రపిచ్చి
అమెరికా ఖండానిదే, కానీ రియో గ్రాండే లోయలో సాగు పెరిగింది మెక్సికో నుంచి వచ్చిన స్పానిష్ వాళ్ళతో. ప్యూబ్లోల పాత పంటలు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. గోధుమ, గొర్రెలు, పీచ్ పండ్లు స్పానిష్ వాళ్ళు తెచ్చినవే. 1680లో గెలిచాక పోపే "వాళ్ళ విత్తనాలేవీ వేయొద్దు" అన్నాడని తర్వాత పట్టుబడినవాళ్ళు వాంగ్మూలం ఇచ్చారు. జనం సిలువలు కాల్చారు, ఏట్లో మునిగి బాప్టిజం కడిగేసుకున్నారు. గొర్రెల్ని మాత్రం వదల్లేదు.

గుంటూరు_ఘాటు
మిరపకాయ వదిలెయ్యమంటే నేనూ పోపే మీద తిరగబడేవాణ్ణి.

కొత్తమ్మాయి
లేట్‌గా చూశాను. దసరా సెలవులకు మా అత్తమామలు ఇండియా నుంచి వస్తున్నారు, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. అకోమా పైకి ఎక్కగలరా? టావోస్ వేరుగా పెట్టుకోవాలా?

అల్బుకర్కీ_అత్తగారు
పైకి బస్సులో తీసుకెళతారమ్మా, దిగేటప్పుడు కూడా బస్సే. పాత రాతి మెట్ల దారి కుర్రాళ్ళకు వదిలెయ్యి. పైన నేల ఎగుడుదిగుడు, ఊతకర్ర ఉంచుకోమను. టావోస్ ఉత్తరాన, ఇంకో రోజు పెట్టుకో. అక్కడ పాత చర్చి గంటగోపురం మొండిగా ఉంటుంది, 1847లో అమెరికా సైన్యం ఫిరంగులతో కొట్టింది, లోపల తలదాచుకున్నవాళ్ళతో సహా. దాని చుట్టూ సమాధులే, గోడ బయట నుంచే చూడాలి. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కో, ఆచారాలున్న రోజుల్లో ఊళ్ళోకి బయటివాళ్ళను రానివ్వరు.

సూటిమాట
సాలినాస్ కూడా కలుపుకోండి, జనం ఉండరు. గ్రాన్ కివీరా మౌంటెనైర్ నుంచి ఇంకో పాతిక మైళ్ళు, దారిలో ఏమీ లేదు. పెట్రోలు, నీళ్ళు మౌంటెనైర్‌లోనే చూసుకోండి.

గుంటూరు_ఘాటు
పులిహోర కూడా.